‘ఆక్షేపణ లేదు’ అని వేసిన పేజీ

తూత్తుకుడి జిల్లా, కోవిల్‌పట్టి, రైల్వే స్టేషన్ వెనక వీధిలో కాపురముంటున్న జెయంతి అనే నేను, నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది. నా వయసు ముప్పై. తెలివి సరిగానే ఉంది. ఈ ఉదయం సంగవి చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నాను, పప్పులో ఉప్పు సరిపోయింది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. నా గుండె ఒక్కటే సరిగా లేదు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం వల్ల అందులో ఒక కవాటం పాడైంది. వచ్చే సోమవారం మదురైలో ఆపరేషన్. భయపడవద్దని డాక్టరమ్మ చెప్పింది. నేను భయపడి ఇది రాయడం లేదు. నేను సంతకం చేయాల్సిన కాగితం ఒకటి మా ఇంట్లో అలమర మీద ఉంది. దాని మీద నేను సంతకం చేయను, నా తర్వాత ఎవరూ చేయకూడదు అని చెప్పడానికి రాస్తున్నాను.

వీలునామాలో భర్త పేరు లేకుండా కుదరదని రాజగోపాలన్ మాస్టారు అన్నారు. మా వాళ్లలో భార్య భర్త పేరు పలకదు. రేషన్ ఆఫీసులో అడిగినా, ఆస్పత్రిలో అడిగినా మా కూతురు సంగవే చెప్పేది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఒక్కసారి తప్ప నేను ఆ పేరు పలకలేదు. రాయడం పలకడం కాదు గనక రాస్తున్నాను: దామోదరసామి. ఇకమీదట ఈ కాగితంలో ఆయన అంటే ఆయనే.

తెలుగులో ఎందుకంటే నాకు రాయడం వచ్చింది తెలుగే. మా నాన్న కడప వైపు బండల గనుల్లో పనికి వెళ్లినప్పుడు అక్కడి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఇక్కడ మా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు గానీ చదవరు, చదువంతా తమిళమే. తమిళం చదవడం పెళ్లయ్యాక ఆయన పత్రికల్లో రాసే వ్యాసాల మీద వేలు పెట్టి నేర్చుకున్నాను. రాయడం ఇప్పటికీ రాదు. రైల్వే బడిలో తెలుగు చెప్పి రిటైరైన రాజగోపాలన్ మాస్టారు నా తప్పులు దిద్ది, దీనికి తమిళ నకలు ఒకటి జతచేస్తానన్నారు. కోర్టు మాటలు మాస్టారివి. తక్కినవి నావి.

1. విరుదునగర్‌లో ప్రెస్సు నడుపుతున్న ముత్తుకృష్ణన్ అన్నను ఈ వీలునామాకు కార్యనిర్వాహకుడిగా నియమిస్తున్నాను. అన్న పెళ్లి పత్రికలు, క్యాలెండర్లు, అగ్గిపెట్టెల లేబుళ్లు అచ్చువేసే మనిషి. మా ఇంటాయన తన చరిత్ర పుస్తకం పట్టుకుని ముందు ఈ అన్న దగ్గరికే వెళ్లారు. ‘దామోదరన్నా, నాకు లేబులు ఏసేది తెలుసు, చరిత్ర ఏసేది తెలీదు. అయితే లేబుల్లో బొమ్మ రంగు వెంట్రుకంత జరిగినా నాకు నిద్ర రాదు. నీ మాట జరగనిస్తానా’ అన్నాడట. జరగనివ్వలేదు. ఇకముందు కూడా జరగనివ్వడని నమ్మి ఈ బాధ్యత అన్న మీద పెడుతున్నాను.

2. మా నాన్న నా పేర రాసిచ్చిన నల్లరేగడి చేనును పోయిన నెల అమ్మేశాను. ఆపరేషన్ ఖర్చుకు ఆ డబ్బు వేరుగా ఉంది. కాబట్టి నా పేర భూమి ఏదీ లేదు, ఎవరూ వెతకవద్దు. అమ్మిన రోజు మా ఇంటాయన నాతో మాట్లాడలేదు. అది కోపం కాదు. ఆయన పుస్తకాన్ని ఇచ్చేసి ఆ డబ్బుతో నా గుండె బాగుచేయించాలనుకున్నారు. నేను నేల ఇచ్చి పుస్తకాన్ని ఉంచుకున్నాను. ఇద్దరిలో గెలిచింది ఎవరో ఆయనకు తెలుసు.

3. ఆయన తమిళంలో రాసిన చరిత్ర పుస్తకం ఒకటి ఉంది. దాని పేరుకు తెలుగులో అర్థం ‘బావులు చెప్పిన ఊళ్లు’. దాని మీద సర్వహక్కులూ నావి. 2001లో అచ్చువేసేటప్పుడు ఆయనే, నాకు చెప్పకుండానే, స్టాంపు కాగితం మీద నా పేర రాసిచ్చారు. లోపలి పేజీలో నా పేరు చూసి ముత్తుకృష్ణన్ అన్న ఏదో పొరపాటు చేశాడనుకున్నాను. చెబితే ఆయన నవ్వి, ‘నీ వంటింటి గోడకు ఆనుకొని రాసింది ఇదంతా. ఇంగ ఎవరి పేరు ఏసేది’ అన్నారు. అయిదో తరగతి చదివినదాని పేరు అట్ట లోపల అచ్చయింది. ఆ పేజీని నేను ఎన్నిసార్లు చూసుకున్నానో ఎవరికీ చెప్పలేదు.

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టూ ఉన్న నల్లరేగడి ఊళ్ల చరిత్ర అది. అందులో రాజుల పేర్లు తక్కువ. ఒక్కో అధ్యాయం ఒక్కో ఊరిది, ఒక్కో ఊరూ ఒక బావితో మొదలవుతుంది. ఆ బావిని ఎవరు తవ్వారు, ఎవరిని తోడుకోనిచ్చారు, ఎవరిని దూరంగా నిలబెట్టారు, ఏ కరువులో అది ఎండింది, ఎండాక ఎవరు ఎటు వెళ్లిపోయారు. ప్రతి అధ్యాయాన్నీ అచ్చుకు ఇచ్చే ముందు ఆయన ఆ ఊరికే తీసుకువెళ్లి, జనం ముందు గట్టిగా చదివి వినిపించారు. విన్నవాళ్లు ఏదైనా కాదంటే, తాను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, వాళ్ల పేరు పెట్టి, వాళ్ల మాటల్లోనే, అధ్యాయం కింద ‘ఆక్షేపణ’ అని వేశారు. అలాంటి ఆక్షేపణ లేని అధ్యాయం పుస్తకమంతటికీ ఒక్కటే. చివరిది. దాని కింద ‘ఆక్షేపణ లేదు’ అని ఉంది. ఆ పేజీ సంగతి ఆఖరి అంశంలో చెబుతాను.

ఇప్పుడు చెన్నై ప్రచురణకర్త ఒకరు ఈ పుస్తకాన్ని తిరిగి వేస్తామంటున్నారు. గట్టి అట్ట, మంచి కాగితం, ఊరూరా అమ్మకం, ముందుగానే చేతికి రొక్కం. ఒక్కటే షరతు, ఆక్షేపణలన్నీ తీసేయాలి. ప్రచురణకర్త తరఫున వచ్చిన మనిషి మా ఇంట్లో కాఫీ తాగుతూ, ‘సార్, రాసినవారే తమ తప్పులు కింద అచ్చేసుకుంటే చదివేవాళ్లకు నమ్మకం ఎలా కుదురుతుంది? చరిత్ర అంటే ఒక గొంతు ఉండాలి సార్’ అన్నాడు. వేరే రోజైతే మా ఇంటాయన ఆ మాటకు గంటసేపు జవాబు చెప్పేవారు. ఆ రోజు అలమర మీదున్న నా మందుల చీటీ వైపు చూసి ఊరుకున్నారు. ఒప్పుకోబోతున్నారని నాకు అప్పుడే తెలిసింది. నేను సంతకం చేయాల్సిన కాగితం అదే.

అందువల్ల, సదరు పుస్తకం మీద నాకున్న హక్కులన్నీ నా తదనంతరం నా కూతురు సంగవికి చెందాలి. ఆమె మేజరయ్యేవరకు తండ్రి సంరక్షకుడిగా ఉండాలి. అయితే ముత్తుకృష్ణన్ అన్న రాతపూర్వకమైన సమ్మతి లేకుండా ఏ ఒప్పందమూ చెల్లదు. ఎవరు వేసినా ఆక్షేపణలతో వేయాలి. వాటిని చిన్న అక్షరాల్లోకి కుదించకూడదు, పుస్తకం చివరికి తోసేయకూడదు. ఏ ఊరి మాట ఆ ఊరి కిందే ఉండాలి.

4. ఆయన పత్రికల్లో రాసిన వార్తలు, వ్యాసాలు నేను కత్తిరించి ఇనప్పెట్టెలో దాచాను. వాటిని బైండు చేయించి కోవిల్‌పట్టి లైబ్రరీకి ఇవ్వాలి. అంచులు వంకరగా ఉంటే అది నా కత్తెర తప్పు.

పెళ్లయిన కొత్తలో ఆయన ఒక తమిళ దినపత్రికకు విలేకరి. వార్త రాసి, కవర్లో పెట్టి, మదురై బస్సు డ్రైవరుకు ఇచ్చేవారు. అక్కడ బస్టాండుకు ఆఫీసు మనిషి వచ్చి తీసుకునేవాడు. ఒక రోజు ఆయనకు ఒళ్లు కాలిపోయే జ్వరం. అకాల వర్షానికి అగ్గిపుల్లలు ఆరక పనులు ఆగి, ఆడవాళ్లంతా ఇళ్లలో కూర్చున్న వార్త ఆ రోజు వెళ్లి తీరాలి. కవరు నేను తీసుకెళ్లాను. పరాయి మగవాళ్లతో మాట్లాడిన అలవాటు లేదు. తల వంచుకుని చేయి చాచాను. ‘ఎవరు పంపినారమ్మా’ అని డ్రైవరు అడిగితే పేరు పలకలేక, కవరు మీది పేరును వేలితో చూపించాను. ‘ఓ, మన రిపోర్టరు ఇంటామెనా. నోరు ఆయనకే ఇచ్చేసి వచ్చినావా తల్లీ’ అని నవ్వి బస్సు తీశాడు. మర్నాడు ఆ వార్త మొదటి పేజీలో పడింది. నేను మోసుకెళ్లిన వార్త. పెట్టెలో అన్నిటికన్నా పైన ఉన్నది అదే, బైండులో కూడా అదే ముందు ఉండాలి.

తర్వాత ఆదివారం సంచికలో సినిమాల మీద, జాతర నాటకాల మీద, గోడ పోస్టర్ల మీద వారంవారం రాసేవారు. నన్ను సినిమాకు తీసుకెళ్లి, తెర వైపు సగం, వెనక్కి తిరిగి జనం వైపు సగం చూసేవారు. పక్కన నేను సిగ్గుతో చితికిపోయేదాన్ని. ఒక సినిమాలో పల్లెటూరి ఆడవాళ్లు నెత్తిన కుండలు పెట్టుకుని నవ్వుతూ, నడుము తిప్పుకుంటూ వస్తారు. ‘ఆ కుండల్లో నీళ్లు లేవు, ఉంటే ఇలా నడవలేరు, నీళ్లు లేకపోతే ఇలా నవ్వలేరు’ అని ఆయన రాశారు. టాకీసు యజమాని ఆ వారం మాకు టిక్కెట్టు ఇవ్వనివ్వలేదు. ‘సార్ బయట నిలబడే విమర్శ రాసేంత తెలివైనవారు, లోపలికి ఎందుకు’ అన్నాడు. మేము బయట వేరుశనగలు కొనుక్కుని తింటూ, లోపలి నుంచి వినిపించే మాటలు వింటూ కూర్చున్నాం. నాకు అన్ని సినిమాల్లోకీ బాగా నచ్చింది అదే.

5. మా ముందు గదిలో ఉన్న చేతుల కుర్చీని చింతలపట్టి కృష్ణమ్మాళ్ అవ్వ ఇంటికి ఇవ్వాలి. అవ్వ ఇప్పుడు నేల మీద కూర్చుంటే లేవలేకపోతోంది. ఆ కుర్చీ ఆమెకే ఎందుకో సంగవి తెలుసుకోవాలి గనక రాస్తున్నాను.

మా వాళ్లలో పెళ్లి కాకుండా చనిపోయిన ఆడపిల్లకు ఒక పెట్టె పెడతారు. అందులో ఆమెకని ఒక చీర, గాజులు, దువ్వెన. ఏటా మాసి నెల శివరాత్రికి పెట్టె తెరిచి కొత్త చీర పెడతారు, పాతది ఇంటి ఆడపిల్ల కట్టుకుంటుంది. తెరిచేటప్పుడు మగవాళ్లు బయటికి పోవాలి. ఆయన సొంత ఊరు చింతలపట్టిలో, పాత కరువు కాలంలో నీళ్ల కోసం బావిలోకి దిగి చనిపోయిన ఒక పిల్ల పెట్టె కృష్ణమ్మాళ్ అవ్వ ఇంట్లో ఉంది. 1998లో ఆయన దాని గురించి పత్రికలో రాశారు. పెట్టె ఎవరింట్లో ఉంటే పిల్ల ఆ ఇంటిదే అనుకున్నారు. ఎండిన బావిలోకి పిల్లను ఒంటరిగా దింపినవాళ్లు ఆ ఇంటి పెద్దలే అని రాసేశారు.

పెట్టె పుట్టింట్లో ఉండదు. ఆ పిల్లను ఏ మేనత్త ఇంటికి ఇవ్వాల్సి ఉండిందో, ఆ ఇంటికి పెళ్లికూతురిని సాగనంపినట్టు సాగనంపుతారు. కృష్ణమ్మాళ్ అవ్వ ఇంటివాళ్లు పిల్లను బావిలోకి దింపినవాళ్లు కాదు. చనిపోయిన పిల్లను కోడలని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు. ఇది ఆడవాళ్ల మధ్య నడిచే సంగతి. ఆయన మగవాళ్లనే అడిగారు, వాళ్లకు తెలియదని వాళ్లకే తెలియదు.

పత్రిక వచ్చిన మూడోనాడు అవ్వ బస్సెక్కి వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. వీధంతా వినేలా, ‘దామోదరా, నీ పేరు పేపర్లో పడాలని మా ఇంటి పేరు బాయిలో ఏసినావే. సచ్చిన పిల్లని మేము కోడలని తెచ్చుకొని మొక్కతాండాము. మమ్మల్ని సంపినోళ్లని రాసినావే. నీకు రాసేకి చెయ్యి వచ్చింది, అడిగేకి నోరు రాలేదా’ అంది. ఆయన ఆ కుర్చీ తెచ్చి వేసి, తాను గడప కింద కూర్చుని, ‘సరి అవ్వా, ఇప్పుడు అడగతాండాను, చెప్పు’ అన్నారు. అవ్వ కూర్చుని, నా వైపు తిరిగి, ‘కాఫీ పొయ్యి పాపా. ఈయనకి చెప్పేకి శానా సేపు పట్టేతట్టుండాది’ అంది.

ఆమె చెప్పిందంతా రాసి, ఇది సవరణగా వేయమని ఆయన పత్రికకు పంపారు. వేయలేదు. మళ్లీ స్వయంగా మదురై వెళ్లి అడిగారు. పత్రికే తన తప్పు చెప్పుకుంటే రేపు ఎవరు కొంటారన్నారట. ఆయన విలేకరి కార్డు బల్ల మీద పెట్టి వచ్చేశారు. ఇంటికి వచ్చి, ‘జెయంతీ, ఉజ్జోగం పోయింది’ అన్నారు. నేను ‘సరి, అన్నం పెడతా’ అన్నాను. నాకు వచ్చింది ఆ మాటే. ఆ రోజు నా లోపల ఎంత గర్వంగా ఉండిందో ఆయనకు తెలియదు. అన్నం పెట్టేటప్పుడు అప్పడం ఒకటి ఎక్కువ వేశాను. అదైనా గమనించారో లేదో.

6. టేపు రికార్డరు, క్యాసెట్లు సంగవికి చెందాలి.

ఉద్యోగం మానిన కొన్నాళ్లకు మమ్మల్ని పాంచాలంకురిచ్చిలో పాలెగాళ్ల కోట చూపించడానికి తీసుకెళ్లారు. వచ్చినవాళ్లంతా ఫొటోలు దిగుతుంటే ఆయన కాపలా మనిషిని, ‘ఇంతమంది ఉండిన ఊరికి నీళ్లు ఎక్కడివి’ అని అడిగారు. ‘నీళ్లా సార్, వెనకాల కొళాయి ఉంది’ అన్నాడు అతను. బస్సులో వస్తూ ఆయన తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నారు. పుస్తకం అక్కడ మొదలైంది. ఆ తర్వాత ఈ టేపు రికార్డరు భుజాన వేసుకుని తిరగని ఊరు లేదు. ఆలంగుళంలో సున్నపురాయి క్వారీ పనివాళ్లు చెప్పిన క్యాసెట్‌లో మాటల కంటే లారీల మోత ఎక్కువ. అయినా ఆయన దాన్ని పారేయలేదు. ఆ మోత కూడా వాళ్లు చెప్పిందేనన్నారు.

సంగవీ, ఆ క్యాసెట్లలో అమ్మ గొంతు వెతకవద్దు, లేదు. మైకు చూస్తే నాకు నోరు పడిపోయేది. కానీ మన ఇంటికి వచ్చి చెప్పినవాళ్ల క్యాసెట్లలో, మాట మధ్యలో ఎక్కడో గాజుల చప్పుడు, గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపిస్తాయి. అవి నావే.

7. ఆయన అన్నగారు, నాకు బావగారు, వెంకటసామి గారికి: మీరు చదివి ఇస్తానని తీసుకెళ్లి తిరిగి ఇవ్వని ‘బావులు చెప్పిన ఊళ్లు’ ప్రతి ఈ రోజు నుంచి మీ సొంతం. ఇక మిమ్మల్ని ఎవరూ అడగరు.

చుట్టాల పెళ్లి పందిట్లో పదిమంది మధ్య మీరు, ‘మా వాడు మొదట పేపర్లు మోసినాడు, ఇప్పుడు బాయిలు మోస్తాండాడు, ఇంగ మోసేకి ఏం మిగిలిండాది’ అని అందరినీ నవ్వించారు. మా ఇంటాయన కూడా నవ్వారు. నేను నవ్వలేదు. అయితే చింతలపట్టి అధ్యాయం చదివిన రోజు మీరే లేచి, ‘మా బాయికి రెండు జతల ఎద్దులు కట్టినారని రాసినావు. తాత ఒక జతే కట్టినాడు. లేని గొప్పలు మనకేల’ అన్నారు. అది మీ పేరుతోనే అచ్చయింది. ఊళ్లో ఎవరు కనిపించినా మీరు ఆ పేజీ తీసి చూపిస్తారని విన్నాను. చెన్నైవాళ్లు తీసేయమంటున్న వాటిలో అది కూడా ఒకటి. ఈ వీలునామాకు మీరు అడ్డు చెప్పరని అనుకుంటున్నాను.

8. నా కట్టు చీరల్లో సిరా రంగు చీరను పక్కింటి పుష్పానికి ఇవ్వాలి. అగ్గిపెట్టెల పనికి కట్టుకుపోకుండా, ఎక్కడికైనా ఊరికి వెళ్లేటప్పుడు కట్టుకోవాలి. నా ఇత్తడి చెంబు మా అత్తమ్మ మాయక్కాళ్‌కు చెందాలి. నాకు కోపం వస్తే మాట రాదు, చెంబు గట్టిగా కింద పెడతాను. ‘నువ్వు మాట్లాడేది తక్కువ పాపా, నీ చెంబు మాట్లాడేది జాస్తి’ అనేది అత్తమ్మ. ఇక ఆమె ఇష్టం వచ్చినట్టు మాట్లాడించుకోవచ్చు. అత్తమ్మకు నా మీద ప్రేమ ఎక్కువ. ఆ ప్రేమ కొద్దీ నా చీర పెట్టెలో పెట్టి మొక్కాలని ఆమెకు తోచవచ్చు. వద్దు. నేను పెళ్లి చేసుకుని, కాపురం చేసి, పిల్లను కన్నదాన్ని. నాకు పెట్టె అక్కరలేదు.

9. ఆయనకు: నేను గోనెగుడ్డతో కుట్టిచ్చిన సంచి ఆయనదే. ఊళ్లకు వెళ్లడం మానకూడదు. అగ్గిపెట్టెల పని మీద రాస్తానన్న రెండో పుస్తకం రాయాలి. దాని మొదటి అధ్యాయం ఎక్కడ చదవాలో నేను చెప్పనక్కరలేదు, పుష్పం వాళ్ల వసారా ఉంది. వాళ్లు ఆక్షేపణలు చెప్పడం మొదలుపెడితే ఆయన తెల్లకాగితాలు ఎక్కువ తీసుకెళ్లాలి. కాలేజీల్లో శాలువాలు కప్పి ఫొటోలు తీసినప్పుడు కాస్త నిటారుగా నిలబడాలి. అన్ని ఫొటోల్లోనూ తప్పు చేసినవాడిలా వంగి ఉన్నారు. చూసినప్పుడల్లా నాకు ఆ భుజాలు సరిచేయాలనిపిస్తుంది.

ఇంకో పెళ్లి చేసుకుంటే నాకు ఆక్షేపణ లేదు. ఇది మాత్రం నిజంగానే లేదు.

10. పుస్తకంలో చివరి అధ్యాయం మా ఇంటిది. అందులో ఆయన ఉద్యోగం మానిన సంగతి రాసి, చివర ఇలా ముగించారు: ‘పది ఊళ్ల బావుల్లోకి తొంగిచూస్తూ నేను నా ఇల్లు ఎండబెట్టుకున్నాను. నా భార్య ఒక్క మాటా అనలేదు. ఇన్నేళ్లలో నేను ఆమెకు ఇచ్చింది ఆ మౌనమే.’

పద్ధతి ప్రకారం ఆ అధ్యాయం కూడా చదివారు, మా ముందు గదిలోనే. వీధివాళ్లు వచ్చారు, అత్తమ్మ వచ్చింది, ముత్తుకృష్ణన్ అన్న వచ్చాడు. నేను వంటింటి తలుపు వెనక గరిటె పట్టుకుని నిలబడి విన్నాను. చదవడం అయ్యాక ఆయన ఎప్పటిలాగే, ‘ఎవరికైనా ఆక్షేపణ ఉందా’ అని అడిగారు. నాకు ఉంది. నోరు కూడా తెరిచాను. ఇంతలో ముత్తుకృష్ణన్ అన్న, ‘ఇంటి సంగతికి ఆచ్చేపణ ఎవరు చెప్తారు అన్నా, లేదని ఏసేద్దాం’ అన్నాడు. అందరూ నవ్వారు. అలాగే వేసేశారు.

ఆక్షేపణలు తీసేసి పుస్తకం వేస్తే, నా మాట చేరే చోటు కూడా ఉండదు, ఆ వాక్యం ఒక్కటే మిగులుతుంది. మా ఇల్లు ఎండిపోయిందని ఊరూరా చదువుకుంటారు. సంగవి కూడా చదువుతుంది. అందుకే సంతకం చేయలేదు.

కాబట్టి, ఇకమీదట ఎవరు ఎప్పుడు ఆ పుస్తకం అచ్చువేసినా, చివరి పేజీలో ‘ఆక్షేపణ లేదు’ అన్నది తీసేసి, కింద రాసింది వేయాలని శాసిస్తున్నాను. పుస్తకంలో మన వాళ్ల మాటలు ఎలా తమిళ అక్షరాల్లో మన మాటగానే పడ్డాయో, ఇది కూడా అలాగే పడాలి. మాస్టారు దీన్ని దిద్దవద్దు.

ఆక్షేపణ. చెప్పినది: రాసినాయన ఇంటామె జెయంతి, కోవిల్‌పట్టి.

మా ఇల్లు ఎండిపొయ్యిందని ఈయన రాసినాడు. అది తప్పు. నేను ఆ ఇంట్లోనే ఉండినాను, నాకు తెలుసు. ఉజ్జోగం పొయ్యినంక మా ఇంటికి మనుసులు రాని దినమే లేదు. ఒచ్చినోళ్లు కూసోని వాళ్ల తాతల కత చెప్పి, నా కాఫీ తాగి, కండ్లు తుడుసుకొని పొయ్యినారు. అట్లాంటి ఇల్లు ఎండిన ఇల్లు కాదు. నాకు మౌనం ఇచ్చినానని రాసినాడు. అదీ తప్పే. మాట్లాడకుండా ఉండేది నేను పుట్టింటి నించే తెచ్చుకున్నాను, ఈయన ఇచ్చింది కాదు. ఈయన ఇచ్చింది వేరే.

పోయిన ఏడు మదురై ఆస్పత్రి నించి ఒస్తాంటే, సాత్తూరులో అగ్గిపెట్టెల పని ఆడోళ్లు బస్సెక్కినారు. నా పక్కన కూసున్నామె చేతిలో ఈ పుస్తకం ఉండినాది. అట్ట చినిగి పొయ్యిండాది. ఒక పేజీ కింద వేలు పెట్టి, పక్కామెకు సూపిస్తాండాది. ‘ఇది మా అమ్మ చెప్పింది. మా అమ్మ పేరు సూడు, అచ్చులో. మా అమ్మ పొయ్యి రెండేండ్లయింది, ఈడ ఇంకా కొట్లాడతానే ఉండాది’ అని. మళ్లీ నా దిక్కు తిరిగి, ‘రాసినాయన పేరు అట్టతో పొయ్యింది. ఎవరో మీకేమన్నా తెలుసా అక్కా’ అని అడిగింది.

నేను చెప్పినాను. ‘దామోదరసామి’ అని. గట్టిగానే చెప్పినాను. బస్సులో అందరూ తిరిగి సూసినారు. ‘మా ఇంటాయన’ అని కూడా చెప్పినాను.

ఈయన నాకు ఇచ్చింది అది. ఈ మాట మీద ఎవరికన్నా ఆచ్చేపణ ఉంటే, నేను మదురై నించి ఒచ్చినంక చెప్పండి. ఈసారి తలుపుకి ఈ పక్కన నిలబడి వింటాను.

ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. నేను బతికున్నంత కాలం దీన్ని మార్చుకునే హక్కు నాదే. పదో అంశం మాత్రం మార్చను.

2004వ సంవత్సరం, ఆగస్టు 18, బుధవారం, కోవిల్‌పట్టి.

(సంతకం) జెయంతి

పైన సంతకం చేసినామె మా కళ్లెదుట, తెలివితో, తనంతట తాను సంతకం చేసింది. ఆమె ఎదుట మేము సాక్షి సంతకాలు చేశాం. ఈ వీలునామా వల్ల మా ఇద్దరికీ ఏమీ రాదు.

సాక్షులు:
1. రాజగోపాలన్, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, కోవిల్‌పట్టి. (ఆక్షేపణ భాగంలో ఒక్క అక్షరం దిద్దలేదు.)
2. సెల్వలక్ష్మి, కుట్టుపని, స్టేషన్ వెనక వీధి, కోవిల్‌పట్టి.